తాటిచెట్టు మీది చదువు

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామ దాటాక రఘునాథపల్లి వస్తుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఇప్పటికీ నిలిచి ఉంది. కల్లు గీసే గౌడ కులంలో పుట్టిన పాపన్న కోటలు కట్టి, దళాన్ని కూడగట్టి, 1708లో వరంగల్ నగరం మీదికే దండెత్తాడు. 1710లో మొఘల్ అధికారుల చేతికి చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతణ్ని దోపిడీదారుగా రాస్తే, ఈ ప్రాంతపు జానపదులు వీరుడిగా పాడుకున్నారు. ఇప్పుడు ఏటా ఆగస్టు 18న ప్రభుత్వమే పాపన్న జయంతి జరుపుతోంది.

పాపన్న కత్తి గురించి మూడు వందల ఏళ్లుగా కథలు నడుస్తున్నాయి. అతని కులం వాళ్లు తరతరాలుగా పట్టిన గీతకత్తి గురించి మాత్రం మనం పెద్దగా ఆలోచించలేదు. చెట్టు తలలోంచి తీపి రసాన్ని పారించి, కొన్ని గంటల్లో దాన్ని పానీయంగా మార్చే ఆ పనిలో వృక్షశాస్త్రం ఉంది, సూక్ష్మజీవశాస్త్రం ఉంది, భౌతికశాస్త్రం ఉంది. ద్రాక్షతో ఇదే పని చేసేవాడిని ప్రపంచం వైన్ నిపుణుడంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో అందుకోసం ప్రత్యేక విభాగమే ఉంది. చదువు ముగిశాక కోతల కాలంలో కూలీగా, తర్వాత పీపాల గదిలో సహాయకుడిగా, ఆపై వైన్ తయారీకి బాధ్యుడిగా, చివరికి నలుగురికి సలహా చెప్పే పెద్దగా ఎదగడానికి అతనికి మెట్లుంటాయి. మన గీత కార్మికుడికి మొదటి మెట్టూ తాటిచెట్టే, ఆఖరి మెట్టూ తాటిచెట్టే. ఈ తేడా పనితనంలోంచి వచ్చింది కాదు. అది తెలియాలంటే ఆ పని ఏమిటో దగ్గరగా చూడాలి.

చెట్టును ఎరగడం

ఈ నేలలో కల్లుకు ప్రధానంగా రెండు చెట్లు ఆధారం: తాడి, ఈత. శాస్త్రజ్ఞులు తాడిని బొరాసస్ ఫ్లాబెల్లిఫర్ అనీ, ఈతను ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ అనీ పిలుస్తారు. రెండూ ఒకే కుటుంబానివే అయినా, గీసే పద్ధతులు వేరు.

తాడిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మొలకను చూసి ఏది ఏదో చెప్పలేం. పన్నెండు, పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం గడిచి తొలిపూత వేశాకే అది తేలుతుంది. రెండింటినీ గీస్తారు. మగచెట్టు వేళ్లలాంటి పూగెలలు వేస్తుంది. ఆడచెట్టు గెల కాయగా మారి ముంజలనిస్తుంది. పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అంటూ గీత కార్మికులు చెట్లను వేరుచేసి, ఒక రకం పారడం తగ్గేసరికి మరో రకం అందుకునేలా ఏడాదిని సర్దుకుంటారు. ఏ చెట్టు ఎప్పుడు గొల (పూగెల) వేస్తుందో, ఏది ఎన్నాళ్లు పారుతుందో, దేనికి ఈ ఏడు విశ్రాంతి ఇవ్వాలో రాసిపెట్టిన పుస్తకం ఎక్కడా ఉండదు. అదంతా మనిషి జ్ఞాపకంలో ఉంటుంది.

ఈతచెట్టు సంగతి వేరు. దాని పూగెలను ముట్టుకోరు. మట్టల మొదళ్లు చెక్కి, తల కింద లేతగా ఉండే కాండానికే గాటు పెడతారు. ఒక ఏడు ఒక వైపు గీస్తే, మరుసటి ఏడు ఎదుటి వైపు గీస్తారు. చెట్టు పెరిగేకొద్దీ పాత గాట్లు కిందికి మిగిలిపోయి కాండం వంకరటింకరగా కనిపిస్తుంది. ఆ వంకలు లెక్కపెడితే చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పవచ్చు. వేప, మామిడి లాంటి చెట్లలో బెరడు కింద కాంబియం అనే పెరిగే పొర ఉంటుంది. గాయమైతే అదే పూడుస్తుంది. తాడి, ఈత ఏకదళబీజాలు, వాటికి ఆ పొర లేదు. పడిన గాటు చెట్టు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. గాటు లోతైతే కుళ్లు పడుతుంది, కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు చేరతాయి, చెట్టు చచ్చిపోతుంది. అందుకే ఈత గీసేవాడు చేసే పొరపాటు ఆ ఏటి దిగుబడితో పోదు, చెట్టు ఆయుష్షును తగ్గిస్తుంది.

కత్తి చేసే పని

చెట్టులోంచి రసం ఎందుకు కారుతుంది? ఆకులు ఎండలో చక్కెర తయారుచేస్తాయి. ఆ చక్కెర పోషక కణజాలమైన ఫ్లోయంలోకి చేరగానే, దాని వెంటే నీరు లోపలికి చొరబడుతుంది. నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే తియ్యని రసాన్ని అవసరమైన చోటికి, అంటే వేళ్లకు, పూతకు, కాయకు తోస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మ్యూంక్ 1930లో చెప్పిన ఈ వివరణే నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. తాటిజాతి చెట్లకు ఇంకో బలం కూడా ఉంది. కాండంలో పిండిపదార్థాన్ని దాచుకుంటాయి, పూతకాలంలో దాన్ని చక్కెరగా మార్చి పైకి పంపుతాయి. పెద్ద చెట్లలో చాలావాటికి ఫ్లోయం నాళాలు కొద్దికాలమే పనిచేసి పోతాయి. తాటిజాతిలో అవే నాళాలు దశాబ్దాల పాటు బతికి ఉండటం వృక్షశాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరిచే విషయం.

తాడిచెట్టు గొల వేయగానే కోస్తే ధార రాదు. ముందు కొన్నాళ్లు గొలను నలపాలి, మెల్లగా కొట్టాలి, వంచి కట్టాలి. ఆ తర్వాతే కొస చెక్కాలి. ఈ మర్దనా వల్ల కణజాలం సడలి, రసం ఆ వైపుకు మళ్లుతుంది. ఇక్కడితో పని అయిపోదు. మొక్క తన గాయాన్ని తానే మూసుకుంటుంది. నాళాల జల్లెడ రంధ్రాల్లో కాలోజ్ అనే పదార్థం పేరుకుని దారి పూడుతుంది. అందుకే పొద్దున, సాయంత్రం ఎక్కి, కొసన పలుచని పొర ఒకటి తీసేయాలి. ఆ పొరతో పాటు పూడిన ముఖం పోయి, కొత్త నాళాలు తెరుచుకుంటాయి. మందంగా కోస్తే గొల త్వరగా అయిపోతుంది. మరీ పలచగా కోస్తే ధార ఆగుతుంది. ఒక రోజు చెట్టు ఎక్కకపోతే మర్నాడు ఆ గొల పారడం తగ్గిపోతుంది. గీత పనికి పండగ సెలవు లేకపోవడానికి కారణం ఇదే.

లొట్టిలో ఏం జరుగుతుంది

గొల నుంచి అప్పుడే జారిన రసం తేటగా, తియ్యగా ఉంటుంది. మత్తు ఉండదు. అందులో దాదాపు 10 నుంచి 14 శాతం దాకా చక్కెర ఉంటుంది, అది చాలావరకు మనం వంటింట్లో వాడే సుక్రోజే. పులుపు, క్షారం రెండూ లేని ఈ తీపినీరు సూక్ష్మజీవులకు అనువైన ఆహారం. గాలిలోంచి, ఈగల కాళ్ల మీంచి, గొల పైనుంచి, అన్నింటికన్నా ఎక్కువగా కల్లు పట్టే కుండ అయిన లొట్టి గోడల నుంచి అవి రసంలోకి దిగుతాయి.

అక్కడి నుంచి మూడు దశలు నడుస్తాయి. మొదట లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా విజృంభిస్తుంది. ల్యూకోనాస్టాక్, లాక్టోబాసిల్లస్ జాతులు పులుపు తెచ్చి, పులుపును ఓర్వలేని ఇతర క్రిములను అణచివేస్తాయి. రసం కాస్త చిక్కబడటం ల్యూకోనాస్టాక్ చేసే డెక్స్‌ట్రాన్ వల్ల. రెండో దశ ఈస్టుది. శాకరోమైసిస్ సెరివిసే అనే ఈ ఈస్టే రొట్టెనూ బీరునూ పులియబెడుతుంది. సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విరిచి, వాటిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. లొట్టి మీద కనిపించే నురగ ఈ వాయువే. మూడో దశలో అసిటిక్ బ్యాక్టీరియా ఆల్కహాలును పట్టి గాలి సాయంతో వెనిగర్‌గా మారుస్తుంది. గొంతు మండే పుల్లకల్లు ఆ దశకు చేరినదే.

ఈస్టుకు తోడుగా కల్లులో జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. మెక్సికోలో అగేవ్ (కిత్తనార) రసంతో చేసే పుల్కే అనే పానీయంలో పాల్ లిండ్‌నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1920లలో దీన్ని గుర్తించి వర్ణించాడు. ఇది గ్లూకోజును కరిగించే దారి ఈస్టు దారి కన్నా వేరు. ఒక్కో గ్లూకోజు నుంచి తనకు దక్కే శక్తి ఈస్టుకు దక్కేదానిలో సగమే. బతకడానికి అది ఎక్కువ చక్కెర కరిగించాలి, అందుకే ఎక్కువ వేగంగా ఆల్కహాలు తయారుచేస్తుంది. నేడు పెట్రోలులో కలిపే ఇథనాల్ తయారీ కోసం ప్రయోగశాలలు ఈ బ్యాక్టీరియాను పెంచుతున్నాయి. మన తాటివనాల్లో అది ఎవరూ పిలవకుండానే పనిచేస్తోంది.

లెక్క చూద్దాం. 100 మిల్లీలీటర్ల రసంలో 12 గ్రాముల సుక్రోజు ఉంటే, రసాయన సమీకరణం ప్రకారం గరిష్ఠంగా దాదాపు 6.5 గ్రాముల ఆల్కహాలు రాగలదు. కొంత చక్కెర మిగిలిపోతుంది, కొంత ఆమ్లంగా మారుతుంది. అందువల్ల కల్లు సాధారణంగా 4 నుంచి 6 శాతం దగ్గర నిలుస్తుంది. తేట రసం పాలలా తెల్లబడటానికి కారణం వేరే రంగు ఏదీ కాదు, అందులో తేలే కోట్లాది ఈస్టు, బ్యాక్టీరియా కణాలే.

ఇంతకీ ఇందులో గౌడన్న చేతిలో ఉన్నదేమిటి? కాలం, ఉష్ణోగ్రత, లొట్టి. అరగంటకు రెట్టింపయ్యే బ్యాక్టీరియా, తిండికీ చోటుకూ అడ్డు లేకపోతే 12 గంటల్లో ఒకటి నుంచి కోటిన్నరకు పైగా అవుతుంది. కాబట్టి లొట్టి అడుగున మిగిలిన నాలుగు చుక్కల పాత కల్లే మరునాటి తీరును నిర్ణయిస్తుంది. పాల తోడు లాంటిదే అది. బాగా కడిగితే పులియడం నెమ్మదిస్తుంది, కొంచెం వదిలితే త్వరగా పొంగుతుంది. చల్లదనం సూక్ష్మజీవుల వేగాన్ని తగ్గిస్తుంది, సుమారుగా ప్రతి 10 డిగ్రీలకూ వేగం సగమవుతుంది. చలికాలపు రాత్రి పారిన ఈతకల్లు తియ్యగా ఉండటం, మే నెల మధ్యాహ్నపు కల్లు కోసుకుపోయేలా ఉండటం ఇందువల్లే. ద్రాక్ష వైన్ తయారుచేసేవాడు గంధక వాయువుతో, చల్లటి తొట్లతో ఇదంతా అదుపు చేస్తాడు. అతనికి ఏడాదికి ఒక్క పంటే, 40 ఏళ్ల వృత్తిలో 40 పంటలు. గీత కార్మికుడు రోజుకు రెండుసార్లు రసం దించుతాడు. ఏ పరికరం లేకుండా, వాసన చూసి, నురగ చూసి, నాలుక మీద ఒక్క చుక్క వేసుకుని తీర్పు చెబుతాడు.

మోకు మీద ప్రాణం

గీత కార్మికుడి సాధనాలు తక్కువ. చెట్టునూ నడుమునూ చుట్టే మోకు, పాదాలకు వేసుకునే గుజి, నడుముకు కట్టిన ముస్తాదు, అందులో కత్తులు, వెనక లొట్టి. వెనక్కి వాలినప్పుడు బరువు మోకును లాగుతుంది, అదే బలం పాదాలను కాండానికి అదుముతుంది. అదుముడు ఎంత ఎక్కువో ఘర్షణ అంత ఎక్కువ, అంత పట్టు. వాన పడి కాండం తడిస్తే ఆ ఘర్షణ పడిపోతుంది. మోకు మనిషిని ఎక్కనిస్తుంది గానీ, జారినవాణ్ని ఆపలేదు.

15 మీటర్ల ఎత్తున్న పది చెట్లను రోజుకు రెండుసార్లు ఎక్కితే మొత్తం 300 మీటర్లు. అంటే చార్మినార్ ఎత్తును ఐదుసార్లకు పైగా ఎక్కి దిగినట్టు. ఇరవై మీటర్ల పైనుంచి పడితే నేలను తాకేసరికి వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటుతుంది. పట్టేది రెండు సెకన్లే. అప్పుడు దెబ్బ ముఖ్యంగా వెన్నెముకకు, తుంటికి తగులుతుంది. బతికినా చాలామంది మళ్లీ నడవలేరు.

గౌడులు కొలిచే కాటమయ్య పేరుతోనే, 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. పర్వతారోహకులు వాడే తరహా పట్టీలూ కొక్కేలూ తాటిచెట్టుకు సరిపోయేలా మార్చిన పరికరాలవి. పాదం జారినా తొడలకు, నడుముకు వేసిన పట్టీ బరువును మోస్తుంది. పరికరం ఇవ్వడంతో పాటు శిక్షణ కూడా ఉండాలన్న ఆలోచన ఈ వృత్తికి ఆలస్యంగా వచ్చింది. వచ్చినందుకు సంతోషించాలి.

చెట్టు ఎవరిది

నిజాం కాలంలో కల్లు మీద ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారం. ఫసలీ 1316 నాటి ఆబ్కారీ చట్టం కింద గుత్తేదార్లు వేలంలో హక్కులు పాడుకునేవారు. చెట్టెక్కేవాడు వాళ్ల దగ్గర కూలీ. సూర్యాపేటలో పుట్టిన స్వాతంత్ర్య సమరయోధుడు, తర్వాత నల్లగొండ ఎంపీ అయిన బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను కూడగట్టారు. గీసేవానికే చెట్టు అన్న నినాదం అలా జనంలోకి వచ్చింది. సహకార సంఘాలు ఏర్పడ్డాయి. ఈనాడు సంఘాల ద్వారానో, విడిగా గీసేవాడి పేరునో లైసెన్సులు ఇస్తున్నారు. తెలంగాణలో చెట్టు పన్నునూ తీసేశారు.

ఒక చిన్న అంకె ఈ వృత్తి తీరును చెబుతుంది. ప్రభుత్వ పింఛను గీత కార్మికులకు 50 ఏళ్లకే వస్తుంది. అంటే ఆ వయసుకు చెట్టెక్కడం ముగిసిపోతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. వైన్ నిపుణుడి పేరు అసలు పండేది ఆ వయసులోనే. గీత కార్మికుడికి చెట్టు దిగాక చేయడానికి పని ఉండదు. ఈ దారి చూసిన కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడపడానికో, డెలివరీ పనికో పోవడంలో వింతేముంది?

చేతులు తగ్గితే కల్తీ పెరుగుతుంది

గీసే చేతులు తగ్గుతున్నంత మాత్రాన తాగేవాళ్లు తగ్గరు. అసలు కల్లు ఎంతైనా చెట్ల సంఖ్యకూ ఎక్కేవాళ్ల సంఖ్యకూ కట్టుబడి ఉంటుంది. ఆ లోటును నీళ్లు, చక్కెర, శాకరిన్‌తో పూడుస్తారు. నీళ్లు పోస్తే మత్తు తగ్గుతుంది కాబట్టి క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రజోలం కలుపుతారు. ఈ మందులూ ఆల్కహాలూ మెదడులో ఒకే వ్యవస్థ మీద పనిచేస్తాయి. నాడీ కణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని రెండూ పెంచుతాయి. కలిస్తే శ్వాసను నడిపే కేంద్రాలు కూడా మందగిస్తాయి. రోజూ తాగేవారి మెదడు ఆ మందుకు అలవాటు పడి, ఒక్కసారిగా ఆగితే వణుకు, మూర్ఛలు, లేనివి కనిపించడం మొదలవుతాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు తెలంగాణ జిల్లాల్లో ఆసుపత్రులు ఇలాంటి వారితో నిండాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

స్వచ్ఛమైన కల్లు మందు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. అందులో ఈస్టు ఇచ్చే బి విటమిన్లు ఉన్నా, ఆల్కహాలు ఆల్కహాలే. ఎంత తాగినా హాని లేదనగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడ చెప్పదలచింది వేరు. చెట్టుకూ గ్లాసుకూ మధ్య పేరున్న, శిక్షణ ఉన్న, బాధ్యత ఉన్న మనిషి ఉంటే గ్లాసులో ఏముందో తెలుస్తుంది. ఆ మనిషి కనుమరుగైతే ఆ జాగాలో మత్తుమందు పొట్లం చేరుతుంది.

కట్టాల్సిన మెట్లు

మెట్లు కట్టడానికి కావలసిన శాస్త్రం మన దగ్గరే ఉంది. రసం పులియకుండా ఆపగలిగితే అది నీరా. లొట్టికి లోపల సున్నం పూయడం పాత పద్ధతి. క్షారత్వం పెరిగి సూక్ష్మజీవులు ఎదగవు. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి రసాన్ని చెట్టు మీదే మంచుపెట్టెలో పట్టే పద్ధతి తెచ్చింది. తూర్పు కనుమల్లో రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద పనిచేస్తోంది. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. వంద లీటర్ల నీరా కాస్తే పది, పన్నెండు కిలోల దాకా తాటిబెల్లం రావచ్చు. బెల్లం నిల్వ ఉంటుంది, దూరం పోతుంది.

ఇక కావలసింది వృత్తిని వృత్తిగా చూసే ఏర్పాటు. రఘునాథపల్లి లాంటి మండలంలో సంఘానికి ఒక చిన్న పరీక్ష గది ఉంటే చాలు. చక్కెర శాతం చెప్పే రిఫ్రాక్టోమీటరు, పులుపు చెప్పే కాగితపు పట్టీలు, ఆల్కహాలు కొలిచే హైడ్రోమీటరు, మంచుపెట్టెలు. ఇవన్నీ పదో తరగతి చదివినవాడు కొన్ని వారాల్లో నేర్చుకోగలిగినవే. చెట్టెక్కడం నేర్చిన కుర్రాడికి ముందు రక్షణ పరికరాల శిక్షణ, తర్వాత నీరా సేకరణలో ధ్రువపత్రం, ఆపై పులియబెట్టడం, నాణ్యత చూడటం, బెల్లం కాయడం. ఐటీఐల్లో ఫిట్టరుకు, వెల్డరుకు ఉన్నట్టే గీత కార్మికుడికీ ఒక కోర్సు ఉండవచ్చు. చెట్ల సంగతి ఇంకా తొందరగా చూడాలి. ఈ రోజు నాటిన తాటిగింజ గీతకు రావడానికి పన్నెండేళ్లు మించి పడుతుంది. గట్ల మీద చెట్టు కొట్టినంత వేగంగా కొత్తది ఎదగదు.

ఎక్కడానికి వయసు మళ్లిన మనిషిలోనే ఈ శాస్త్రమంతా పోగుపడి ఉంటుంది. ముప్ఫై ఏళ్లు రోజుకు రెండుసార్లు గొల చెక్కిన చేయి ఎంత మందం తీయాలో ఏ పుస్తకం కన్నా బాగా చెప్పగలదు. వాసన చూసి లొట్టిని ఆపేయమనగల ముక్కును ఏ యంత్రమూ ఇంకా భర్తీ చేయలేదు. యాభై ఏళ్లకు అతనికి పింఛను ఇవ్వడం న్యాయమే. దానితో పాటు శిక్షకుడిగా జీతం ఇచ్చి, సంఘం పరీక్ష గదిలో కుర్చీ వేయాలి. అతని దగ్గర పని నేర్చినవాడికి చెట్టు దిగాక కూడా ఒక దారి కనిపిస్తుంది. అప్పుడే ఆ ఇంటి పిల్లలు మోకు పట్టుకోవడానికి ముందుకొస్తారు. గ్లాసులో పోసేదాన్ని తాగేవాళ్లు కూడా నమ్మగలుగుతారు.